మునిరామయ్య వెంట చీమలు

బిడ్డలు కలగకపోతే ముడుపు ఆడదాని చేత కట్టిస్తారు, పసరు ఆడదాని గొంతులోనే పోస్తారు. మంచానికి రెండో పక్కన పడుకునే మనిషిని ఏ డాక్టరుకైనా చూపించినవాళ్లు మీలో ఎంతమంది?

స్వతంత్రం వచ్చిన కొత్తల్లో చిత్తూరులో నాగులమ్మ కూడా చూపించలేదు. ఆమె కొడుకు మునిరామయ్య బెల్లం మండీలో తూకం వేసేవాడు. పొద్దున్నే అతను ఇల్లు వదిలితే వెనకే ఎర్రచీమల బారు బయలుదేరేది. అతను నిలబడితే అవీ నిలబడేవి. రైలెక్కితే అవీ ఎక్కి బెంచీ కింద ఒద్దికగా సర్దుకునేవి. జనం కాళ్లు పక్కకు తీసి చోటిచ్చేవాళ్లు. “బెల్లం తూచేవాడి వెంట చీమలు రాక ఏనుగులొస్తాయా” అని మండీలో నవ్వి ఊరుకునేవాళ్లు. తక్కిన తూకందార్ల వెంట ఒక్క చీమా రాదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇంకో సంగతి మునిరామయ్యకూ, భార్య దేవకమ్మకూ మాత్రమే తెలుసు. అతనికి మనసుంది, ఆశుంది. అంగం మాత్రం లేవదు. తిరుపతిలో ఒక మూలికలవాడు బెల్లం పాకంతో లేహ్యం ఇచ్చినాడు. అది తినేకొద్దీ దాహం పెరిగింది, మనిషి ఎండిపోయినాడు, చీమలు ఇంకో బారు కట్టినాయి. ఇంకొకడి భస్మానికి నోరంతా పూసింది. ఎవరికీ చెప్పనని దేవకమ్మ చేత ఒట్టేయించుకున్నాడు.

“బిడ్డల కోసం వాడికి చంద్రగిరిలో ఇంకో పిల్లని చూసినాం,” అనింది నాగులమ్మ కోడలితో. “ఆ పిల్ల వచ్చినాక నువ్వు వడమాలపేటకు పోయి మీ నాయన కాడ ఉండు.”

“ఆ పిల్లకూ కడుపు పండదు అత్తా.”

“ఏందిమే, శాపనార్థాలు పెడతాండావా?”

“లేదత్తా. ఆ పిల్ల మీద జాలితో చెప్తాండా.”

తాంబూలాలు పెద్దభార్య చేతనే ఇప్పించాలి, అది ఆనవాయితీ. అందుకని ఆమెనూ వెంటబెట్టుకుని స్టేషనుకు బయలుదేరినారు. ఎప్పుడూ వెనక వచ్చే చీమలు ఆ పూట ముందు నడిచి, స్టేషను దారి వదిలేసి, ఆసుపత్రి సందులోకి తిరిగినాయి.

“ఎందుకట్ల పోతాండాయి నాయనా?” అనింది నాగులమ్మ.

“తెలీదమ్మా.”

“సరే పద, దారి తెలిసినట్టే పోతాండాయి.”

చీమలు డాక్టరు ప్రేమానందం బల్ల కింద ఆగినాయి. ఆయన వాటిని చూసి, మనిషిని చూసి, “నువ్వు ఉచ్చ పోసినచోటికి కూడా వస్తాయా అప్పా?” అని అడిగినాడు.

“ఆడికే ముందు పోతాయి సామీ.”

ఆడవాళ్లను బయట ఉండమన్నాడు డాక్టరు. నాగులమ్మ తలుపు అవతల కూర్చుంది. దేవకమ్మ కదల్లేదు. మొగుడి వైపు తిరిగి, “ఒట్టు నాది, నోరు నీది. నువ్వు చెప్పు,” అనింది.

మునిరామయ్య చెప్పినాడు. అంతా చెప్పినాడు.

నీలం మందులో అతని ఉచ్చ కలిపి కాచితే ఇటుక రంగుకు తిరిగింది. “మండీ బెల్లం కాదప్పా, నీ ఒంట్లోనే చక్కెర,” అన్నాడు డాక్టరు. “అది నరాలనూ, రక్తనాళాలనూ పాడు చేస్తాది. నీ కష్టానికి అదే మూలం. లేహ్యం పారెయ్. పత్యం చెయ్యి, ఇన్సులిన్ సూది వేసుకో. చక్కెర దిగితే కొందరికి ఆ శక్తి పూర్తిగా వస్తాది, కొందరికి కొంతే. మగ హార్మోను సూది అని మద్రాసులో కొత్తగా ఇస్తాండారు, కానీ అది తక్కువైనోళ్లకే. నీకు కావాలో వద్దో తర్వాత చూద్దాం. రెండో పెళ్లాం మాత్రం దీనికి మందు కాదు.”

“అయితే ఇది నేను చేసుకున్న పాపం కాదా సామీ?”

“జొరమొస్తే పాపమంటావా?”

మునిరామయ్య ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చినాడు. బయటికి వచ్చేసరికి అతని భుజాలు తేలికపడినాయి. తలుపు అవతల అంతా విన్న నాగులమ్మ చంద్రగిరికని తెచ్చిన తాంబూలం పళ్లెం కోడలి చేతిలో పెట్టింది. “ఇంటికి పోదాం పా,” అనింది, అంతే.

చలికాలానికి చీమల బారు పలచబడింది. ఒకరోజు మునిరామయ్య వెంట ఒక్క చీమా లేకుండా, బాగా పొద్దెక్కి మండీకి పోయినాడు. ఎందుకప్పా ఆలస్యం అని అడిగితే నేల చూసి నవ్వినాడు.

మీ ఇంట్లోనూ ఇట్లా నోరు పెగలని మగవాడు ఉంటే, ఎగతాళి చెయ్యకండి. పక్కన కూర్చుని అడగండి, ఈ వారమే అతనికి తోడుగా డాక్టరు దగ్గరికి పోండి.