అగాఫియా కూర్చున్న పూట

అగాఫియా గ్లాసును వేడినీళ్ల ఆవిరి మీద పట్టి, నారగుడ్డతో లోపలా బయటా తుడిచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసింది. ఎక్కడా మరక లేదు. బల్ల మీద బోర్లించి ఇంకోటి అందుకుంది. ఆవిరికి ముంజేతులు ఎర్రబడ్డాయి. ఏళ్ల తరబడి వైను ఇంకిన గోళ్లు మాత్రం ఏ సబ్బుకీ లొంగకుండా నల్లగానే ఉన్నాయి. బయట నవంబరు ముసురు. కోత ముగిసిన ద్రాక్షతోట ఆకు రాలి నానుతోంది.

"పిన్నీ, కిషినావు పట్నం వాళ్లు వచ్చేస్తున్నారు," అంటూ రోదికా మెట్లు దిగింది. ఆ ఇంటి కోడలు. ఇప్పుడు తోటా వ్యాపారమూ ఆమే చూసుకుంటోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "మామయ్య సంగతి ఎత్తకు. సరదాగా తాగిపోదామని వస్తున్నవాళ్లు."

"నేనెందుకు ఎత్తుతానమ్మా?"

పైగదిలో రోదికా మామ, ఆ తోట యజమాని సిమియోన్ మంచం దిగి చాలా రోజులైంది. పొద్దున డాక్టరు వచ్చి, పెదవి విరిచి వెళ్లిపోయాడు.

అగాఫియా పెళ్లయిన కొత్తలో ఇక్కడికి కోత కూలికి వచ్చింది. మాస్కోలో ఇళ్లు కట్టే పనికని వెళ్లిన మొగుడు అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. ఊళ్లో ఆడవాళ్ల జాలి భరించలేక, కోత అయిపోయినా ఆమె ఇంటికి పోలేదు. సిమియోన్ ఏమీ అడగలేదు. చేతికి ఓ గుడ్డ ఇచ్చి గ్లాసులు చూపించాడు. ఇక అంతే, ఈ గదిలోనే ఉండిపోయింది. రొట్టె కోసింది, గొర్రెపాల చీజు ముక్కలు పేర్చింది, వచ్చినవాళ్లకి వైను పోసింది. ఆ బల్ల దగ్గర మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. సిమియోన్ అతిథులకి వైను రుచి విడమరచి చెబుతుంటే గోడవారగా నిలబడి వినేది.

వచ్చినవాళ్లలో ఓ లావుపాటాయన కోటు విప్పుతూనే మొదలుపెట్టాడు. "పెద్దాయన ఏడీ? పోయినేడు నాది గాడిద గొంతన్నాడు. ఈసారి సాధన చేసి మరీ వచ్చా!"

"బజారుకెళ్లారు," అంది అగాఫియా సీసా వంచుతూ. "ముందు తాగండి బాబూ. మీరిప్పుడే పాడితే మా వైను పులిసిపోతుంది."

అందరూ పగలబడి నవ్వారు. ఇంకో సీసా తెచ్చే వంకన ఆమె ఓ గ్లాసులో కాస్త వైను పట్టుకుని పైకి వెళ్లింది.

సిమియోన్ దవడలు లోతుకు పోయాయి. చెవిలో వినికిడి మిషను మాత్రం అలాగే ఉంది. గ్లాసు ముక్కు దగ్గర పెడితే వాసన చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాకొద్దు. నువ్వు తాగు. కూర్చో."

"కింద జనం ఉన్నారు పెద్దయ్యా."

"ఏమే, ఇవాళైనా నా మాట వినవా? నువ్వూ అతిథివే. కూర్చో."

కుర్చీ అంచున కూర్చుంది.

"ముందు వాసన చూడు. ఎండిన పళ్లు. వెనకాల తడిమన్ను. తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"అబద్ధం."

"మన్ను తెలుస్తోంది. పళ్లు తెలియట్లేదు."

ఆయన పెదవులు కొద్దిగా సాగాయి. "నిజం చెప్పిన అతిథివి నువ్వొక్కత్తెవే. ఇప్పుడు తాగు. గబుక్కున మింగకు, నోట్లో ఉంచు. కాసేపటికి..." ఊపిరి అందక ఆగాడు.

కింద ఎవరో బల్ల చరిచారు. "అక్కా! సీసా ఏదీ?"

ఆమె కదల్లేదు.

"వెళ్లు," అన్నాడు. "తలుపు తీసే ఉంచు. వాళ్ల గోల వినిపించాలి."

కింద లావుపాటాయన పాట ఎత్తుకున్నాడు. నిజంగానే గాడిద గొంతు. తక్కినవాళ్లూ అందుకున్నారు. అగాఫియా రొట్టె కోస్తూ నిలబడింది. నోట్లో వైను రుచి ఇంకా ఉంది. కాసేపటికి ఏమవుతుందో ఆయన చెప్పనే లేదు.

తలెత్తేసరికి మెట్ల మీద రోదికా. అక్కడే ఆగి తల అడ్డంగా ఊపింది. అగాఫియా కత్తి పక్కన పెట్టింది.

"ఇంకాస్త పొయ్యక్కా! పెద్దాయన రాగానే చెప్పు, నా గొంతు బాగుపడిందని."

"చెబుతాను," అంది. అందరికీ సమానంగా పోసింది.

వాళ్ల బండి వెళ్లిపోయాక గోరువెచ్చని నీళ్లతో పైకి వెళ్లింది. ఆయన నుదురు, మూసిన కళ్లు, చెవుల వెనక నెమ్మదిగా తుడిచింది.

"పాట విన్నారంటావా?" అని మంచం పక్కనున్న రోదికాని అడిగింది.

"ఏమో పిన్నీ. నేనొచ్చేసరికే..."

కిటికీ గట్టు మీద, ఆయన చెవిలోంచి రోదికా తీసిపెట్టిన మిషను ఎవరూ ఆపక సన్నగా కూస్తూనే ఉంది.