దొర ఎడమ కాలు

గోడెక్కిన వాళ్ళెవరూ మా ఇంట్లో మిగల్లేదు. నాన్న పదవీ విరమణ నాటి ఫోటోను పెద్దది చేయించి చట్రం కట్టించాం, నెల తిరక్కుండా పోయారు. పెద్దక్క ఫోటో తగిలించిన ఏడాదే ఆమె కాపురానికని ఓడెక్కింది, మళ్ళీ రాలేదు. మా ఆయన సంగతి చెప్పను. అందుకే మా చెల్లెలు, దొరకు పదమూడేళ్ళు నిండుతున్నాయి గనక నీటిరంగుల్లో బొమ్మ వేయించి హాల్లో పెడదామన్నప్పుడు, తాగుతున్న టీ కప్పు కింద పెట్టి ముందు గోడకేసి చూశాను.

దొర మా కుక్క. ముదురు గోధుమరంగు, ఒక చెవి వాలి ఉంటుంది, నడక మాత్రం ఇల్లు తనిఖీకి వచ్చిన యజమానిది. చెల్లెలు ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి వచ్చింది, దేనికీ జంకదు. ఇద్దరికీ రావలసిన భయాలన్నీ నా వాటాకే వచ్చాయి.

బొమ్మలు వేసే అమ్మాయి గది మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఉంది. చెల్లెలి మోకాళ్ళకు మెట్లు పడవు. ఫోటో ఇస్తే ఆ అమ్మాయి అరచేయంత నమూనాలు మూడు వేస్తుంది, అందులో ఒకటి ఎంచుకుంటే పెద్దగా వేసి ఇస్తుంది. ఆ ఎంచుకునే పని నామీద పడింది. నేను ఎంచుకోకపోతే బొమ్మ ఉండదు, బొమ్మ లేకపోతే దొర ఉంటాడు. ఇంత సులువైన ఉపాయం నా జన్మలో ఎప్పుడూ దొరకలేదు.

తప్పులు పట్టడం కోసం గ్రంథాలయంలో రంగుల మీద ఒక పుస్తకం కూడా చదివాను. మొదటి వారం చెవులు పెద్దవయ్యాయన్నాను. రెండో వారం మూతి మీద నీడ ఎక్కువై, పళ్ళు కట్టించుకోవడానికి వెళ్ళేవాడిలా ఉన్నాడన్నాను. మూడో వారం మూడు నమూనాలూ ఎంత బాగున్నాయంటే, తోక లేని భంగిమలు ఎందుకు వేశావని అడగాల్సి వచ్చింది. ఆ అమ్మాయికి చీమ కుట్టినట్టయినా లేదు. మళ్ళీ వేస్తానంది.

చెల్లెలు మాత్రం వచ్చే శనివారానికి బొమ్మ ఇంట్లో ఉండకపోతే తానే కూర్చుని ఒక్కొక్క మెట్టే పాక్కుంటూ ఎక్కుతానంది. అన్నంత పనీ చేసే మనిషి.

పక్కింటి డ్రిల్లు మాస్టారికి ఒక కుక్క ఉంది, పేరు కెప్టెన్. మా దొరా అదీ ఒక్క ఈతలో పుట్టినవి. ఎడమ ముందుకాలు మోకాలి దాకా తెలుపు, అదొక్కటే తేడా. తెల్లవారకముందే మాస్టారు ఈల వేయడం, అది మొరగడం, పదమూడేళ్ళుగా మాకు నిద్ర లేదు. ఎవరో ఒకరు గోడెక్కక తప్పనప్పుడు అదే ఎక్కితే ఏం పోయిందనిపించింది. అలా అనిపించినందుకు చెంపలు వేసుకుని, ఆ వేసుకున్న చేత్తోనే మాస్టారి తలుపు తట్టి ఫోటో అడిగాను. ఆయన మురిసిపోయి, ఆ తెల్లకాలెత్తి సెల్యూట్ చేస్తున్న కెప్టెన్ ఫోటో ఇచ్చారు.

దొర కొత్త ఫోటో అని ఇస్తే, బొమ్మలమ్మాయి దాన్ని చూసి, ఈ కాలు తెల్లగా ఉందేమని అడిగింది. సున్నం తొక్కాడని చెప్పాను. సరేనని వేయడానికి కూర్చుంది.

గురువారం కెప్టెన్ మొరగలేదు. మధ్యాహ్నమైనా మొరగలేదు. చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరుగెత్తాను. వెళ్ళి చూస్తే గడప మీద తల వాల్చి పడుకుని ఉంది. పక్కన మాస్టారు, మెడలో ఈల వేలాడుతూ, నేలమీద కూర్చుని ఉన్నారు. సబ్బుబిళ్ళ మింగిందట. డాక్టరు పరవాలేదన్నాడట.

"కాసిన్ని నీళ్ళు తాగితే చాలమ్మా," అన్నారాయన, "నేను మొరగమన్నా మొరగడం లేదు."

ఆ రెండు అంతస్తులూ నేనెలా ఎక్కానో నాకే తెలియదు. బొమ్మ దాదాపు పూర్తయింది. ఆయాసపడుతూనే ఆ అమ్మాయికి అన్నీ చెప్పేశాను: నాన్న, పెద్దక్క, ఓడ, సబ్బు. ఆమె కుంచె కడుగుతూ విన్నది. సున్నం తొక్కినవాడికి మోకాలి దాకా తెలుపు అంటుకోదని తనకు అప్పుడే తెలుసట.

"దీన్ని చెరిపెయ్యమ్మా," అన్నాను.

"నీటిరంగు చెరగదు పెద్దమ్మా. ఇక్కడ తెలుపంటే రంగు కాదు, వట్టి కాగితం. గోధుమరంగు పూస్తే మీ దొర అవుతాడు, వదిలేస్తే మాస్టారి కుక్క. ఏం చెయ్యమంటారు?"

పుస్తకంలో ఆ పేజీ నేను చదవలేదు. ఆ రెండు కుక్కలనూ తలచుకున్నాను. ఇటు పదమూడేళ్ళుగా నా మంచం కింద పడుకునేవాడు. అటు గడప మీద పడుకున్నది, ఈల మెడలో వేసుకుని దాని పక్కన కూర్చున్న మనిషి. ఎవరిని ఎక్కించమన్నా పాపమే. మిగిలింది ఆ బెత్తెడు కాగితం.

"అక్కడ చెయ్యి పడుతుందా?" అని అడిగాను.

"ఎవరి చెయ్యి?"

నా చెయ్యి చాచాను. ఆమె చూసుకుని వేసింది. తెలుపున్న చోటంతా నా ముడతల చెయ్యే నిండి, ఎత్తిన ఆ కాలిని పట్టుకుంది. ఇప్పుడది ఎవరి కుక్కో పైవాడికి కూడా తెలియదు.

శుక్రవారం తెల్లవారకముందే కెప్టెన్ మొరిగింది. పదమూడేళ్ళలో మొదటిసారి నేను తిట్టుకోలేదు. శనివారం బొమ్మ హాల్లోకి ఎక్కింది. మాస్టారు వచ్చి చూసి, అచ్చం మావాడే సుమా అన్నారు. ఒక్క తల్లి బిడ్డలే కదా అన్నాను. చెల్లెలు ఆయన వెళ్ళేదాకా ఆగి, కళ్ళజోడు సర్దుకుని బొమ్మ దగ్గరకు జరిగింది.

"అక్కా, ఆ చేతికి కత్తిపీట గాటుందేమే? నీదేగా అది?"

నాదేనన్నాను.

"అంటే కుక్కను తప్పించి నువ్వెక్కావన్నమాట గోడ."

మణికట్టు దాకేగా అన్నాను. చెల్లెలు నవ్వలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, ఆ చేతినే తన ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నాడి చూసింది. బాగానే కొట్టుకుంటోందని ఒప్పుకుంది.

అప్పటి నుంచి ఆ చేతిని కొంచెం జాగ్రత్తగా వాడుకుంటున్నాను. గిన్నెలు చెల్లెలి చేత తోమిస్తున్నాను. దొర వచ్చి కాలు అందిస్తే మాత్రం ఆ చేత్తోనే పట్టుకుంటాను.