అమ్మకానికి సర్దిన ఇల్లు

గేటు తీసుకుని వరండా ఎక్కబోయిన అజ్మతున్నీసా, గుమ్మం ముందు కుంకుమలో తడిసి ఎర్రగా విచ్చుకున్న నిమ్మకాయలు చూసి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

ఇది మూడోసారి.

మొదటిసారి వాటిని చూసిన మౌలాలీ దంపతులు ఇంట్లోకి రాకుండానే ఆటో వెనక్కి తిప్పించారు. రెండోసారి వచ్చిన బ్యాంకు ఆయన, మళ్లీ ఫోన్ చేస్తానని చెప్పి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇవాళ పది గంటలకు అల్వాల్ నుంచి ఇంకొకరు వస్తున్నారు. నిన్ననే బ్రోకర్ పద్మనాభం తెగేసి చెప్పాడు.

"రేపు సుత బేరం పోయిందంటే నీ పని బంద్, అజ్మత్. ఫర్నిచర్ కంపెనీవాళ్లు నా వెంట తిరుగుతున్నరు. సోఫాలు గిట్ల అన్నీ అద్దెకిస్తరంట, ఆల్బం తెచ్చి చూపిస్తున్నరు. ఇంకా నీ చేతిసంచీ నమ్ముకుని కూసోమంటవా?"

కాసేపటికి భయం తగ్గింది. ఆమె చూపు అలవాటు కొద్దీ పనిలోకి దిగింది. ఏ గదిలోకి వెళ్లినా ఏ వస్తువు ఎక్కడుందో, ఎందుకుందో చూడడం ఆమె పని. నిమ్మకాయల్ని కూడా అలాగే చూసింది.

బోయిన్‌పల్లి మార్కెట్ వెనక వీధిలో పుట్టిన మనిషికి నాలుగు దారుల్లో నిమ్మకాయలు కొత్త కాదు. అమావాస్య మర్నాడు బడికి వెళుతూ వాటిని ఎన్నిసార్లు దాటిందో లెక్కలేదు. అవి సగం కోసి, పిసికి, ఎవరో విసిరేసినట్టు ఉండేవి. ఇవి అలా లేవు. ఒకే సైజువి నాలుగు. పదునైన కత్తితో సరిగ్గా రెండేసి ముక్కలు చేశారు. కుంకుమ చెంచాతో కొలిచినట్టు కుప్పలుగా పోశారు. కింద నలుపలకలుగా కత్తిరించిన గీతల కాగితం. బండలు ముందే తుడిచారు కూడా.

ఆమె వంగి ఒక చెక్క ఎత్తి చూసింది. గింజలు లేవు.

"మళ్లీనా అమ్మా?"

ఇంటాయన ప్రభుదాస్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అరవై రెండేళ్లుంటాయి. బక్కపలచని మనిషి. రైల్వే స్టోర్సులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఇంటి ఖర్చులు గీతల కాగితాల మీదే రాసుకుంటాడు. భార్య పోయి రెండేళ్లయింది. ఇల్లు అమ్మేసి, వారాసిగూడలో చెల్లెలు డోరా దగ్గరికి వెళ్లిపోవాలని ఆయనే పద్మనాభాన్ని పిలిపించాడు. అమ్ముడయ్యేదాకా వెనక గదిలో ఉంటున్నాడు.

"మళ్లీనే సార్. జెర ఇది చూడండి. గింజలు సుత తీసేసిండ్రు. చేతబడి చేసేటోళ్లు గింజలు తీస్తరా? ఇది షర్బత్ చేసే చెయ్యి."

ప్రభుదాస్ నిమ్మకాయల వైపు చూడలేదు. ఎదురింటి మేడ వైపు చూశాడు. "పోలీసులకు చెబుదామా?"

"ఏమని చెప్తం సార్? నిమ్మకాయల్ని పట్టుకుపొమ్మనా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. "టీ పెడతాను" అంటూ లోపలికి వెళ్లిపోయాడు. గీతల కాగితం మడుస్తూ ఆమె ఆయన వీపు వైపే చూసింది. ఎవరు పెట్టారో అర్థమైంది. ఎందుకు పెట్టారో మాత్రం అంతుపట్టలేదు.

ఆలోచించే తీరిక లేదు. మూడు బకెట్ల నీళ్లతో వరండా కడిగింది. కొళాయిలు చింతపండుతో తోమింది. స్విచ్చుల చుట్టూ పేరుకున్న వేలిముద్రల మరకల్ని కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. సంచీలోంచి తన సామాను తీసింది: మూడు కిటికీలకు లేత పసుపు పరదాలు, సన్న చారల దుప్పటి, రెండు దిండు గలీబులు, అద్దం, మనీప్లాంట్ వేసిన గాజు సీసా. అద్దాన్ని కిటికీకి ఎదురుగా తగిలించింది, ఉన్న వెలుగు రెండింతలు కనబడడానికి. పొయ్యి మీద నీళ్లు పెట్టి నాలుగు యాలకులు చితక్కొట్టి వేసింది. అగరొత్తులు వెలిగించదు. వచ్చేవాళ్లు ఏ దేవుణ్ణి కొలుస్తారో ఎవరికి తెలుసు? టీ వాసనకు మతం లేదు.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త లాల్, లారీ మీద పోయి తిరిగి రాకపోయాక, పద్దెనిమిదేళ్లు ఒక బట్టల కొట్టు వెనక కూర్చుని, తను ఎన్నడూ చూడని కిటికీలకు పరదాలు కుట్టింది. ఒకసారి పద్మనాభం ఏడాదిగా అమ్ముడుపోని ఫ్లాటుకు పరదాలు కావాలని వచ్చాడు. తగిలించడానికి వెళ్లిన అజ్మత్, ఊరికే ఉండలేక, చెత్త తీసింది, మంచం జరిపింది, మాడిన బల్బు మార్చింది. తొమ్మిది రోజుల్లో ఆ ఫ్లాటు అమ్ముడైంది. అప్పటినుంచి ఈ మెట్టుగూడ ఇల్లు నలభై ఒకటోది. కొనేవాళ్లే కరువైన ఆ రెండువేల తొమ్మిదిలో కూడా ఆమె సర్దిన ఇల్లు నెల దాటి ఖాళీగా ఉండలేదు. ఈ ఇంటికి ఇవాళ్టికి ఇరవై ఆరో రోజు.

తను ఉండేది తమ్ముడి ఇంట్లో, బియ్యం డ్రమ్ముకీ తలుపుకీ మధ్య పరిచిన చాప మీద. ఆ గదికి కిటికీ లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పది దాటాక పద్మనాభం స్కూటర్, దాని వెనకే ఒక కారు వచ్చాయి. కారులోంచి సీతారత్నం అనే ఆవిడ, ఆమె భర్త దిగారు. ఆయన నేరుగా వెళ్లి కొళాయిలన్నీ తిప్పి చూశాడు. ఆమె మాత్రం పడగ్గది మధ్యలో నిలబడిపోయింది. ఎండ పసుపు పరదాలోంచి వడపోసినట్టు మంచం మీద పడుతోంది.

"ఏమండీ, ఒక్కసారి ఇటు రాండి. ఎంత హాయిగుందో చూడండి." పరదా అంచు పట్టుకుని చూసింది. "ఇల్లు కొంటే ఇవి సుత ఇచ్చేస్తరా?"

"ఇల్లే ఇస్తుంటే పరదాలదేముంది మేడమ్!" పద్మనాభం పెద్దగా నవ్వాడు.

అజ్మత్ వంటింటి గుమ్మంలో నిలబడింది. ప్రభుదాస్ చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరింటికో చుట్టపు చూపుగా వచ్చినవాడిలా గోడకు ఆనుకున్నాడు.

సాయంత్రం వచ్చి అడ్వాన్సు ఇస్తామన్నారు. వరండాలో చెప్పులు వేసుకోవడానికి వంగిన సీతారత్నం, అలాగే ఉండిపోయింది.

"ఇదేంది?"

రెండు షాబాద్ బండల మధ్య సందులో ఎర్రటి గీత. నీళ్లు ఎంత పోసినా ఆ సందులోంచి కుంకుమ వదల్లేదు.

"రంగు మేడమ్, పాత రంగు" అన్నాడు పద్మనాభం.

ప్రహరీ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటి నాంచారమ్మ, అడగకుండానే అందుకుంది. "రంగు కాదమ్మా, నిమ్మకాయలు. మూడుసార్లు పెట్టిండ్రు. మీకు చెప్పలేదా ఏంది? ఇల్లు మాత్రం మంచిదేనమ్మా!"

సీతారత్నం రెండో చెప్పు చేత్తో పట్టుకునే గేటు దాటింది. కారు తలుపు పడిన చప్పుడుకు పద్మనాభం ముఖం కందిపోయింది. అతడు అజ్మత్ వైపు తిరిగాడు.

"ఇప్పుడు సమజైంది నాకు. గేటు తాళంచెవి ఎవరి దగ్గరుంది? నీ దగ్గర. ఇల్లు అమ్ముడు కాకపోతే రోజుకూలి ఎవరికి నడుస్తది? నీకు. ఇరవై ఆరు రోజులు! బోయిన్‌పల్లిలో నిమ్మకాయలకు కరువా? సర్దేది నువ్వే, చెడగొట్టేది నువ్వే. బాగుంది నీ దందా!"

"నేను పెట్టలేదు సార్."

"మరెవరు పెట్టిండ్రు? చెప్పు. పేరు చెప్పు."

గీతల కాగితం ఆమె సంచీలోనే ఉంది. తీసి చూపిస్తే చాలు. ఆమె ప్రభుదాస్ వైపు చూసింది. ఆయన తన గోళ్లు చూసుకుంటున్నాడు. సొంతింటి గుమ్మానికి ఒక మనిషి ఎందుకు చేతబడి నిమ్మకాయలు పెట్టుకుంటాడో ఆమెకు తెలియదు. తనకే తెలియనిదాన్ని నలుగురి ముందు పరచడం ఆమెకు చేతకాదు.

"నాకు తెల్వదు సార్" అంది.

"అయితే నడువు. ఈ గల్లీల్లో ఇంక ఏ ఇంట్లోనూ అడుగుపెట్టనియ్య నిన్ను. అందరికీ చెప్తా."

ఆమె లోపలికి వెళ్లింది. పరదాల కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది. ఎండ ఒక్కసారిగా మోటుగా గదిలో పడింది. దుప్పటి నాలుగు మడతలు వేసింది. అద్దం గలీబులో చుట్టింది. సీసాలో నీళ్లు తొట్లో ఒంపి, తీగను తడిగుడ్డలో పెట్టుకుంది. పొయ్యి ఆపింది. నలభై ఇళ్లలో ఇలాగే చేసింది, అమ్ముడైన రోజున. అమ్ముడుకాని ఇంట్లోంచి సామాను తీయడం ఇదే మొదలు. చేతులకు ఆ తేడా తెలియలేదు, అదే వరసలో కదిలాయి.

తాళంచెవి పద్మనాభం స్కూటర్ సీటు మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని గేటు దాకా నడిచింది. వెనక్కి చూడలేదు.

"ఆగమ్మా."

గొంతు గట్టిగానే వచ్చింది. ప్రభుదాస్ వరండా దిగి, చెప్పులు లేకుండా ఎండలోకి వచ్చాడు. పద్మనాభం ముందు నిలబడ్డాడు.

"నిమ్మకాయలు పెట్టింది నేనండీ. మూడుసార్లూ నేనే. ఎలా పెడతారో కూడా సరిగ్గా తెలియదు, మా ఇళ్లలో అలాంటివి ఎరగం. ఆదివారం చర్చిలో తల ఎత్తలేకపోయాను. ఈ చీకటి కొంపలో ఉండలేను, అమ్మిపెట్టండని మీ చుట్టూ తిరిగింది నేనే. ఇప్పుడు ఇల్లు అమ్మనని చెప్పడానికి నోరు రాలేదు. ఈమె వచ్చిన మొదటిరోజు పడగ్గదిలో కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా అవతలి గోడకు జరుపుదామంది. ఆ గోడమీది కేలండర్ తీశాం. దాని కింద పెన్సిల్ గీత ఉంది. 'బీరువా ఇక్కడికి' అని రాసి ఉంది. మా ఆవిడ కాంతమణి రాత. పన్నెండేళ్లు అడిగిందండీ నన్ను. టేపు పెట్టి కొలుచుకుని గీత కూడా గీసుకుంది. ఇప్పుడెందుకులే అన్నాను. అడిగినప్పుడల్లా అదే అన్నాను. ఆఖరి ఆర్నెల్లు మంచంలో పడుకుని, ఆ బీరువా తలుపులు చూస్తూనే పోయింది. అది బరువనుకున్నానండీ, ఇద్దరి వల్ల కాదనుకున్నాను. ఆ రోజు ఈమె ఒక పక్క, నేనొక పక్క పట్టుకున్నాం. రెండే రెండు నిమిషాలు పట్టింది."