గుండీల పట్టీ

బట్టల కార్ఖానాలో మధ్యాహ్నం గంట మోగగానే అందరూ టిఫిన్ డబ్బాలు తెరిస్తే, కాజాలు కుట్టే ఆమె మాత్రం గుండీల డబ్బా తెరిచేది. అడుగున దాచిన సీసాలోంచి ఒక మాత్ర గుటుక్కున మింగి, నీలం గుడ్డ పట్టీకి ఒక గుండీ కుట్టి ముడేసేది.

"ఇన్ని గుండీలు ఏ చొక్కాకే తల్లీ? ఏనుగుకి కుడుతున్నావా?" అని పక్క మిషను ఆమె ఎకసెక్కమాడితే నవ్వి ఊరుకునేది. తనకూ భర్తకూ హెచ్.ఐ.వి. ఉందని అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడామెకు రెండో నెల.

"మీ ఇద్దరి రక్తంలో ఉన్నది చాలదూ? ఆ పసిగుడ్డుకి కూడా ఎందుకే? తీయించేసుకో," అంది అత్త. భర్త తల వంచుకున్నాడు. మర్నాడు ఆమె నెలనెలా మాత్రలు తెచ్చుకునే ఆస్పత్రికి అత్తే తీసుకెళ్లింది.

"సిస్టరమ్మా, మా కోడలికి నెల తప్పింది. తీసేయండి."

నర్సు కోడలి వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

పెళ్లయిన ఆరేళ్లలో ఆ మాట ఆమెనెవరూ అడగలేదు.

"బిడ్డ కావాలి. భయంగానూ ఉంది."

"మందులు మానకుండా వేసుకుంటున్నావా?"

ఆమె సంచిలోంచి పట్టీ తీసి పరిచింది. బల్ల చాలక చివర అత్త ఒళ్లో పడింది.

"మాత్రకో గుండీ, సిస్టర్. ఏడాదిగా ఒక్కరోజూ తప్పలేదు."

నర్సు ఆమె ఫైల్లోని రక్తపరీక్ష కాగితం చూసింది. "అందుకే వైరస్ పరీక్షకు అందనంత తక్కువగా ఉంది. ఇలాగే మందులు వాడి, ఆస్పత్రిలోనే కాన్పయి, పుట్టగానే బిడ్డకూ మందు పట్టిస్తే జబ్బు సోకే అవకాశం చాలా తక్కువ. పాలు ఎలా ఇవ్వాలో కూడా మేమే చెప్తాం." తర్వాత అత్తతో అంది: "పెద్దమ్మా, వద్దనుకున్నా సాయం చేస్తాం. కానీ ఎదుటివాళ్ల భయానికి తలొంచడం వేరు, అన్నీ తెలుసుకుని నిర్ణయించుకోవడం వేరు. ఆ నిర్ణయం మోసే తల్లిది."

"నాకు బిడ్డ కావాలి," అంది ఆమె. ఈసారి భయం మాట ఎత్తలేదు.

అత్త ఒళ్లోని గుండీలను ఒక్కొక్కటే తడిమింది. "ఇదేదో పిచ్చి కుట్టనుకున్నానే..."

ఆదివారం కార్ఖానాకి సెలవు. మాత్రల సీసా ఇప్పుడు వంటింటి అలమారలో, అందరికీ కనబడేచోట ఉంది. మధ్యాహ్నం అత్త మంచినీళ్ల గ్లాసు, సూది, దారం తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"గంట మోగలేదని కూర్చున్నావా? లే. మాత్ర వేసుకుని ఇవాళ్టి గుండీ కుట్టు."