దిగడం తెలిసిన మనిషి

ఈత కొలను మూసేస్తున్నారని తెలిసి, చివరి రోజు చూసి వద్దామని మెట్లాయన, ఆయన భార్య వెళ్లారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మెట్లాయన అన్నది భార్య పెట్టిన పేరు. పెళ్లికి ముందు, ఇదే కొలనులో, స్నేహితుల ముందు గొప్పకు పోయి నీళ్లలోకి దూకే ఎత్తు బల్ల ఎక్కాడు. కిందికి చూశాడు. ఎక్కిన మెట్ల మీదే దిగాడు. ఆయన దిగడం కోసం వెనక క్యూ అంతా దిగాల్సి వచ్చింది. క్యూలో ముందున్నది ఆవిడే. మళ్లీ ఎక్కి, దూకి, తల తుడుచుకుంటూ వచ్చి, "మీ పేరేంటండీ?" అని అడిగింది. పరిచయం అలా అయింది.

తర్వాత ఆయన ఏ బల్లా ఎక్కలేదు. ఎక్కడికెళ్లినా దొంగల భయంతో ఒక చెప్పు ఈ మూల, ఇంకోటి ఆ మూల విడిచేవాడు. దొంగలెవరూ రాలేదు గానీ, రెండో చెప్పు చాలాసార్లు ఆయనకే దొరికేది కాదు. ఆవిడ మాత్రం ఉన్న ఉద్యోగం మానేసి కుట్టుమిషన్ల షాపు పెట్టింది. కారు నేర్చుకుని, ఆయన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పింది.

కొలను దగ్గర అదే క్లోరిన్ వాసన, మెట్లకు అదే నీలం రంగు.

"ఒక్కసారి దూకొస్తాను," అంది ఆవిడ.

"మోకాలు నొప్పన్నావుగా?"

"మోకాలితో దూకుతామా ఏంటి?"

వెంట తెచ్చుకున్న ఈత బట్టలు వేసుకొచ్చి చకచకా ఎక్కింది. పైన కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. కాపలా అతను ఈల వేశాడు. ఆవిడ కదల్లేదు. ఆ పట్టు ఎలాంటిదో మెట్లాయనకు బాగా తెలుసు. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టి, పెట్టెను సంచిలో పెట్టి, సంచీ గొడుగూ కాపలా అతని చేతికిచ్చి, ప్యాంటు మడిచి ఎక్కాడు. పై మెట్టు మీద ఆగాడు.

"మీరెందుకొచ్చారు?"

"గాలి బాగుందని."

"కాళ్లు రావట్లేదండీ. అప్పుడు ఇంత ఎత్తు లేదు."

"ఇంతే ఉంది. నా మాట ఎవరు విన్నారు? ఇటు తిరుగు. ముందు ఎడమ కాలు. కమ్మీ వదలకు. కిందికి చూడకు, అక్కడేం లేదు, నేను ఆ రోజే చూశాను."

"ఇంకా గుర్తుందా మీకు?"

"మర్చిపోనిచ్చావా?"

ఒక్కో మెట్టూ దిగారు, కింద ఆయన, పైన ఆవిడ. నేల తగిలాక ఆయన మొహం పాలిపోయింది. గట్టు మీద చతికిలబడ్డాడు.

"నువ్వు జారుంటే తిన్నగా నా మీదే పడేదానివి," అన్నాడు.

"ఎక్కేముందు ఆ సంగతి తట్టలేదా?"

"తడితే ఎక్కేవాడినా?"

ఆవిడ నవ్వలేదు. వెళ్లి, ఈ మూల నుంచి ఒకటి, ఆ మూల నుంచి ఒకటి, రెండు చెప్పులూ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.