చేయి చాపినంత దూరం

డ్రైక్లీనింగ్ షాపులో ఆవిడ పని మరకలు చూడటం. పొద్దున్నే వచ్చిన బట్టలన్నీ పెద్ద బల్ల మీద పరిచి, ట్యూబులైటు కింద ఒక్కొక్కటీ తిప్పి చూసి, ఎక్కడ మరకుంటే అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టేది. టీ మరకో, సిరా మరకో, తుప్పో, నెత్తురో తాకకుండానే చెప్పేసేది. అందుకే షాపులో అందరికీ ఆవిడ మరకలమ్మ. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం మానేసింది.

ఒకరోజు షాపు యజమాని ఒక తెల్లచొక్కా తెచ్చి బల్ల మీద పడేశాడు.

"ఏంటమ్మా ఇది? జేబు కింద ఇంత మరకుంటే వదిలేశావు? ఆ పెద్దమనిషి నామీద ఇంతెత్తున లేచాడు."

ఆవిడ వంగి చూసింది. మరకేం కనబడలేదు. చొక్కా అంతా ఒకటే పాలిపోయిన పసుపు. రెండేళ్ళుగా ఆవిడకి లోకంలో తెల్లబట్టన్నదే లేదు.

"పనిలో పడి మర్చిపోయానండీ," అంది.

సాయంత్రం తిన్నగా కంటాసుపత్రికి వెళ్ళింది. కంట్లో శుక్లం ముదిరిపోయిందనీ, పాత కటకం తీసేసి కొత్త లెన్సు పెట్టాలనీ డాక్టరుగారు చెప్పాడు. ఉన్నది ఒకటే కన్ను. రెండోది చిన్నప్పుడు తగిలిన దెబ్బకి ఎప్పుడో పోయింది. కంట్లో మందు చుక్కలు వేసి, గడ్డం ఆనించి ఏవేవో కొలతలు తీసి, లెన్సుల గురించి చెప్పే అమ్మాయి దగ్గరికి పంపారు.

ఆ అమ్మాయి టేబులు మీద ఒక ప్లాస్టిక్ కన్ను ఉంది. దాన్ని వేరుశెనక్కాయలా రెండు చెక్కలు చేసి చూపించింది.

"మీ కంటి పైపొర బంతిలా గుండ్రంగా లేదమ్మా, కోడిగుడ్డులా ఒక పక్కకి సాగింది. అందుకే మీకు దీపం చూస్తే గీతలు గీతలుగా, ఒకటి రెండుగా కనబడుతోంది. ఆ వంకర సరిచేసే లెన్సు వేరే ఉంది. సరైన కోణంలోకి తిప్పి కూర్చోబెడతారు. ఆ బాధ తీరిపోతుంది. కానీ అది ఒక్క దూరానికే బాగా చూపిస్తుంది. ఏ దూరమో మీరే చెప్పాలి."

"అన్ని దూరాలకీ పనికొచ్చేది లేదా?"

"ఉంది. అది వెలుగుని పంచేసుకుంటుంది. ఒంటికన్నుకి వద్దన్నారు డాక్టరుగారు." కాగితం ముందుకి లాక్కుంది. "వంట చేస్తారా? టీవీ? బండి నడుపుతారా?"

"నడవడమే కష్టంగా ఉంది తల్లీ, బండి కూడానా."

"మీవాళ్ళెవరైనా నిలబడి ఉన్నారా?"

"మా అమ్మాయి."

"ఎంత దూరంలో?"

"వీధి చివర. మలుపు దగ్గర కరెంటు స్తంభం పక్కన."

ఆ అమ్మాయి 'దూరం' అని రాసుకుంది.

పోయినవాళ్ళు ఉన్నపళంగా వెళ్ళిపోరు కదా. మొదట చేయి చాపినంత దూరంలో, ఇంటివాళ్ళకేసి చూస్తూ, మాటా పలుకూ లేకుండా నిలబడతారు. నెలలు గడిచేకొద్దీ, ముఖం ఇటే ఉంచి, గోరంత గోరంత వెనక్కి జరుగుతారు. మనం దగ్గరికి వెళితే అంత దూరమూ వాళ్ళు వెనక్కి పోతారు. ఎవరివాళ్ళు వాళ్ళకే కనబడతారు, అదీ ఉత్తకంటికే. కళ్ళద్దాలు పెట్టుకుంటే ఉండరు. కంటిలోపల పెట్టిన లెన్సుకి మాత్రం ఆ అడ్డు లేదు, అది కన్నుతో సమానం. మలుపుల్లేని వీధుల్లో పోయినవాళ్ళు ఎక్కువకాలం కనబడతారు, అక్కడి ఇళ్ళు ఖాళీ కానిది అందుకే.

ఆవిడ కూతురు గువ్వ, జ్వరంతో పోయి తొమ్మిదేళ్ళయింది. పొయ్యి పక్కన మొదలుపెట్టి, గడప దాటి, గేటు దాటి, ఇస్త్రీబండి దాటి, ఇప్పుడు మలుపు దగ్గరికి చేరింది. మలుపు తిరిగితే ఇక అంతే.

కాగితం చూసి డాక్టరుగారు, "దూరమేనా? ఇంట్లో ఇంకెవరికైనా బాగాలేదా?" అని అడిగాడు.

"మా ఆయనకి. గొంతులో వచ్చిందని కోసేశారు. ఇప్పుడది ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇంటికి తీసుకుపొమ్మన్నారు."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి కాసేపు తుడుచుకున్నాడు. "అయితే ఇంకోసారి ఆలోచించుకోండమ్మా. కొత్తగా పోయినవాళ్ళు దగ్గరే ఉంటారు. దూరానికి పెడితే ఆయన ముఖం మీకు కొన్నేళ్ళపాటు ఆనదు. దగ్గరకి పెడితే అమ్మాయి కనబడదు. నన్నడక్కండి, నేను చెప్పలేను."

ఆవిడ భర్త ఒకప్పుడు బస్సు కండక్టరు. వీధిలో ఇప్పటికీ కండక్టరనే అంటారు. నిండు బస్సులో ముందు సీటు మీంచి అరిస్తే వెనక మెట్టు మీదవాడు ఉలిక్కిపడి లోపలికి జరిగే గొంతు. ఇప్పుడు పెదాలు కదుపుతాడు, ఆవిడ చూసి అర్థం చేసుకుంటుంది. తన కన్ను మసకబారాక మంచం పట్టె మీదకి ముఖం ఆనించి చూడాల్సొస్తోంది.

చిన్నప్పట్నుంచీ ఆయనకి సోడాబుడ్డి అద్దాలు. అవి తీస్తే మంచం కాళ్ళవైపు కూడా ఆనదు. కూతురు గడప చేరేసరికే ఆయనకి కనబడటం మానేసింది. అప్పట్నుంచీ రోజూ సాయంత్రం ఆవిడ గడపలో నిలబడి చూసొచ్చి చెబుతుంది. ఆయన వింటాడు. ఆ ఇంటికంతా కూతుర్ని చూసే కన్ను అదొక్కటే.

ఆసుపత్రి సంగతి చెప్పగానే ఆయన పెదాలు కదిలాయి. "దూరం పెట్టించు."

"మరి మీరు?"

"నేనెక్కడికి పోతానే. ఎలాగూ వెనక్కే జరగాలిగా. ఎప్పటికో ఒకప్పటికి నీ చూపు అందే చోటికి వచ్చి దిగుతాను."

"ఇది మీ బస్సనుకున్నారా, దిగడానికి?" అంటూ ఆవిడ గిన్నె ఠప్పున కింద పెట్టింది. ఆయన నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు ఎంతకీ ఆగలేదు. వీపు రాస్తుంటే వెన్నుపూసలన్నీ ఆవిడ అరచేతికి గుచ్చుకున్నాయి.

"పిల్ల ఒక్కతే ఉంది అక్కడ," అన్నాడు ఊపిరందాక. "దానికేసి చూసేవాళ్ళు లేకుండా చెయ్యకు."

"సరే," అంది ఆవిడ.

లెన్సు తెప్పించాలి, ఖాయం చెయ్యండని ఆసుపత్రినుంచి కబురొచ్చింది. వెళ్ళేటప్పుడు దారంతా 'దూరం' అనే అనుకుంటూ వెళ్ళింది. బెంచీ మీద కూర్చుంటే మాత్రం ఒకటే గుర్తొచ్చింది. పొద్దున గంజి తాగిస్తుంటే ఆయన ఏదో అన్నాడు, మూడుసార్లు అన్నాడు, ఆవిడకి పెదాలు ఆనలేదు. "ఏం లేదులే" అన్నట్టు చెయ్యి ఊపి అటు తిరిగి పడుకున్నాడు.

"దూరమే కదమ్మా?" అంది లెన్సుల అమ్మాయి.

"దగ్గర. చేయి చాపినంత."

ఆ అమ్మాయి తలెత్తింది. "మరి మీ అమ్మాయి..."

"రాసుకో తల్లీ."

కట్టు విప్పిన రోజు గోడల తెలుపు చూసి ఆవిడకి కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చుని ఆయన ముఖం చూసింది. రెండేళ్ళ తర్వాత తేటగా చూసింది. చెంపలు లోపలికి పీక్కుపోయి, దవడ ఎముక చర్మం కింద పొడుచుకొచ్చి, పెదాల చివర్లు పగిలి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒళ్ళు కాస్త తగ్గిందనే అనుకుంది. శుక్లం ఇదంతా దాచిపెట్టిందని ఆవిడకి ఇప్పుడు తెలిసింది.

"కనబడుతోందా?" అన్నాయి ఆయన పెదాలు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

ఆవిడ లేచి గడపలోకి వెళ్ళింది. గేటు దాటాక వీధంతా తడిబట్ట పిండి ఆరేసినట్టుంది. శుక్లం ఉన్నప్పుడు స్తంభం పక్కన జంటగా రెండు మసకలైనా ఆనేవి, వాటిలో ఒకటి మనదేనని సరిపెట్టుకునేది. ఇప్పుడు స్తంభమే లేదు.

లోపలికొచ్చి, "ఆ. కనబడుతోంది," అంది.

"ఎలా ఉంది?"

"అలాగే ఉంది. ఆకుపచ్చ చున్నీ. జడ ముందుకేసుకుంది."

ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు, ఏదో తీయటిది నోట్లో కరిగిస్తున్నట్టు.

అప్పట్నుంచీ రోజూ అదే పని. ఉత్తినే ఉందంటే ఆయనకి చాలేది కాదు. కొత్త కన్ను కదా, ఇంకా చెప్పు అనేవాడు. చున్నీ గాలికి ఎగిరిందని చెప్పింది. కాలి పట్టీ జారితే సర్దుకుందని చెప్పింది. పోయినవాళ్ళు అవేమీ చెయ్యరని ఇద్దరికీ తెలుసు. ఆయన అడగలేదు, ఆవిడ ఆపలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనకి ఊపిరాడలేదు. మందు పనిచెయ్యడం మానేసింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "భయమేస్తోందే," అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనగా ఆవిడ వినలేదు. ఏం చెయ్యాలో తోచక లేచి గడపదాకా వెళ్ళింది. మసకలోకి చూసింది. పరుగున వెనక్కొచ్చింది.

"ఏవండీ, అది చెయ్యి ఊపుతోంది. మీకోసమే చూస్తోంది. రమ్మంటోంది."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగా?"

"నా కంటితో చూశాను."

చెయ్యి పట్టు సడలింది. మళ్ళీ భయమనలేదు. మందు వద్దన్నాడు, గంజి వద్దన్నాడు. చొక్కా మార్చమన్నాడు, జుట్టు దువ్వమన్నాడు. బయల్దేరేవాడి హడావుడి తప్ప ముఖంలో ఇంకేం లేదు. ఆ వారం గడవకుండానే, ఆవిడ నీళ్ళు తేవడానికి లేచినప్పుడు పోయాడు.

అందరూ వచ్చి వెళ్ళాక చూస్తే మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. సరిగ్గా చేయి చాపినంత దూరం. దువ్విన జుట్టు, తెల్లబడ్డ మీసంలో ఒక్కొక్క వెంట్రుక, గొంతు మీద కుట్ల గుర్తు, అన్నీ అద్దంలా కనబడ్డాయి. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. షాపుకి వెళ్ళలేదు. వంట చెయ్యలేదు. కూతురి ముఖం ఇచ్చి కొనుక్కున్న ముఖం ఇది. ఏళ్ళతరబడి ఇది తనదే. తప్పు చేశానా అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

నాలుగోనాడు ఆయన తల పక్కకి తిరిగింది. వాకిలివైపు.

ఆవిడ లేచి నిలబడింది. పోయినవాళ్ళు ఇంటికేసి తప్ప చూడరు. కానీ ఆయన పూర్తిగా తిరిగాడు. వీపు ఆవిడకి పెట్టి, గడప దాటి, బస్సు కదిలిపోతుంటే అందుకోబోయేవాడిలా అంగలు వేస్తూ మెట్లు దిగాడు. గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఆ వీపు అంచులు కరిగిపోయాయి.

"ఏవండీ!" ఆవిడ చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. "ఆగండి! అది రమ్మనలేదు! నాకసలు కనబడటం లేదు! దగ్గరకే పెట్టించుకున్నాను, మీకోసమే పెట్టించుకున్నాను, అబద్ధం చెప్పాను, ఆగండి!"

ఇస్త్రీబండి దాకా ఏదో కదులుతున్నట్టే ఉంది. ఆ తర్వాత రోడ్డు రంగులో కలిసిపోయింది. ఆవిడ మలుపుదాకా పరిగెత్తింది. స్తంభాన్ని చేత్తో తడిమి చూసింది. ఇనుము ఎండకి వేడిగా ఉంది. మలుపుకి అవతల ఇంకో వీధి, అదీ అంతే మసక.

ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో ఇచ్చిన దూరపు అద్దాలు బొడ్లోంచి తీసి కళ్ళకి పెట్టుకుంది. వీధిలో ప్రతి ఆకూ, ప్రతి బోర్డూ గీసినట్టు కనబడింది. మనిషి జాడ లేదు. తీసేసింది.

ఎదురింటావిడ చేయి పట్టుకుని నడిపించుకొచ్చి గడప మీద కూర్చోబెట్టింది. "మీరొకసారి చూసి చెప్పండి వదినా," అంది మరకలమ్మ, "దాని దగ్గరికి చేరారా?" అంతలోనే ఎదురింటావిడ కళ్ళకి తనవాళ్ళు ఆనరని గుర్తొచ్చి నోరు మూసుకుంది. అక్కడ ఇద్దరున్నారో, ఒకరే ఉన్నారో, కూతురు ఎప్పుడో మలుపు తిరిగి వెళ్ళిపోతే ఆయన ఖాళీ స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడో, చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో లేడు.

లెన్సు మార్చమని అడగడానికి వెళితే డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఒక్క కన్ను, రెండోసారి కోస్తే ఉన్నదీ పోవచ్చన్నాడు. లెన్సుల అమ్మాయి గుమ్మందాకా వచ్చి, "ఇప్పుడు ఎంత దూరంలో ఉన్నారమ్మా?" అంది మెల్లిగా.

"తెలీదు తల్లీ."

సాయంత్రాలు ఆవిడ అద్దాలు తీసేసి గడపలో కూర్చుంటుంది. ఒక్కోసారి మసకలోంచి రెండు ఆకారాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, పక్కపక్కనే ఇటు వస్తాయి. ఆవిడ లేచి గేటు దగ్గరికి వెళ్ళి ఊచలు పట్టుకుని నిలబడుతుంది. వాళ్ళు దగ్గరవుతారు, ఇంకా దగ్గరవుతారు, చేయి చాపినంత దూరంలో ముఖాలు తేటతెల్లంగా తేలతాయి. ఎవరో దారినపోయేవాళ్ళు. ఆవిడ తప్పుకుంటుంది, వాళ్ళు వెళ్ళిపోతారు.