బోల్టు మీద ఎర్ర గీత

మా ఆయన్ని ఊరంతా మేస్త్రి అంటుంది. నేను ఏమండీ అంటాను, కోపమొస్తే ఏమయ్యా అంటాను. ఈ మధ్య ఏమయ్యానే ఎక్కువైంది.

మా ఇల్లూ, బండ్లు బాగుచేసే షెడ్డూ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. వంటగది తలుపు తీస్తే నేరుగా షెడ్డులోకే. ఆయన బిగించిన బోల్టు ఊడిందని మా దగ్గరకు తిరిగొచ్చిన బండి లేదు. ఆ పేరు ఊరికే రాలేదు, మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఆయన బోల్టు బిగించి "అయింది" అని కేకేస్తాడు. నేను కొంగు ముడిలోంచి గోళ్ళరంగు సీసా తీసి, బోల్టు తల మీదుగా పక్కనున్న ఇనుము మీదకు ఒక ఎర్ర గీత గీస్తాను. బోల్టు వదులైతే గీత విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. గీత లేని బోల్టు బిగించనట్టే లెక్క. పెళ్ళైన కొత్తలో నా గోళ్ళకని కొనుక్కున్న సీసాతో మొదలైంది ఈ పిచ్చి. ఆ తర్వాత ఎన్ని సీసాలు కొన్నా నా గోళ్ళదాకా వచ్చింది లేదు.

అయితే కొంతకాలంగా ఆయన "అయింది" అన్నవన్నీ అయినవి కావు. ఒకసారి గీత గీద్దామని వంగితే చక్రం నట్టు నా వేళ్ళకే తిరిగింది. ఇంకోసారి పాత ఆయిలు దింపేసి, కొత్తది పోయకుండానే మూత బిగించి, బండి తీసుకెళ్ళమని దాని యజమానికి ఫోన్ చేశాడు. నేను చూడబట్టి సరిపోయింది గానీ లేకపోతే మా పరువు గంగలో కలిసేది. కళ్ళజోడు పానాల డబ్బాలో దొరుకుతుంది. పానా పంచదార డబ్బా పక్కన దొరుకుతుంది. "వయసు మీద పడుతోంది కదా" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ భయమేసేది, చాలా భయమేసేది.

ఎవరికి చెప్పను? ఆయనకే చెబితే తట్టుకోలేడు. ఎవరికీ చెప్పకపోతే రోడ్డు మీద ఎవరికో మూడుతుంది. అందుకని ఆయన టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళినప్పుడల్లా నేను పానా పట్టుకుని, ఆయన చేసిన పని మొత్తం ఒకసారి తిరగబిగించడం మొదలుపెట్టాను. దొంగలా, నా ఇంట్లో నేనే! ఇన్నేళ్ళు పక్కన నిలబడి చూసినదాన్ని, ఆ మాత్రం పని నాకూ వచ్చు. ఆయన తిరిగొచ్చేసరికి చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని.

ఇలా నెట్టుకొస్తుండగా మా అమ్మాయి తన వ్యాను తెచ్చింది.

అది పాతబడిన వ్యాను. దాని పక్క తలుపు తెరవాలంటే ఓ గుద్దు గుద్దాలి. అందులోనే మా అమ్మాయి తన కొడుకునీ, వాళ్ళ వీధి పిల్లల్నీ రోజూ బడికి తీసుకెళుతుంది. బడి కొండ కింద ఉంది. దారంతా మలుపులే, ఒక పక్క లోయ.

"నాన్నా, స్టీరింగ్‌లో ఏదో టకటకమంటోంది. తిన్నగా పోదామన్నా చక్రం అటూ ఇటూ తిప్పుతూనే ఉండాల్సొస్తోంది" అంది.

ఆయన ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. "ర్యాక్ అరిగిపోయిందమ్మడూ. మార్చాల్సిందే" అన్నాడు. ర్యాక్ అంటే మనం స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రాలను అటూ ఇటూ నెట్టే పళ్ళ కడ్డీ. అది పోతే బండి మన మాట వినదు.

"వేరే ఎక్కడైనా చేయించుకోవే. మీ నాన్నకి నడుం నొప్పి" అన్నాను.

"నాకా? నడుం నొప్పా?" ఆయన నా వంక వింతగా చూశాడు. "ఎప్పట్నించే?"

"పిల్లల్ని ఎక్కించుకునే బండి అమ్మా. నాన్న చెయ్యి పడితేనే నాకు ధైర్యం" అని తాళాలు ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది మా అమ్మాయి. అలాంటి మాటకు ఏ తండ్రి పొంగిపోడు? ఆయన ఈలేసుకుంటూ జాకీ తీశాడు.

పని మాత్రం చూడముచ్చటగా మొదలుపెట్టాడు. బండిని పైకెత్తి నిలబెట్టి, ముందు చక్రాలు విప్పాడు. లోపల స్టీరింగ్ చక్రం దానంతటది తిరిగిపోకుండా సీటు బెల్టుతో కట్టేశాడు. చక్రాల దగ్గరి కీళ్ళను సుత్తితో ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టి ఊడదీశాడు. పాత ర్యాకును పక్కనుంచి లాగి, "చూడవే, నా పళ్ళ కంటే అధ్వానంగా ఉన్నాయి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ మనిషికా మతిమరుపు అనిపించింది ఆ కాసేపూ. కొత్తది ఎక్కించి, దాన్ని బండికి పట్టి ఉంచే పెద్ద బోల్టులు బిగించి రెండుసార్లు "అయింది" అన్నాడు. నేను రెండు గీతలు గీశాను. ఆయన టీకి వెళ్ళాడు.

నేను వెంటనే పానా తీసుకుని బండి కిందికి దూరాను. మొదటి బోల్టు గట్టిగానే ఉంది. రెండోదాని మీద బలంకొద్దీ పట్టు పట్టి ఉన్నాను, నా కాళ్ళ దగ్గర చెప్పులు కనబడ్డాయి. జేబులో చిల్లర వేసుకోవడం మర్చిపోయాడట, తిరిగొచ్చాడు.

"ఏం చేస్తున్నావు?"

నేను బయటికొచ్చాను. అబద్ధమాడదామంటే చేతిలో పానా ఉంది.

"నేను బిగించిందాన్ని మళ్ళీ బిగిస్తున్నావా? నన్ను తనిఖీ చేస్తున్నావా?" ఆయన ముఖం జేవురించింది. "ఎప్పట్నించి సాగుతోంది ఈ భాగోతం?"

"ఎప్పట్నించైతే ఏంటయ్యా! ఆయిలు పోయకుండా బండి ఇచ్చేయబోయింది ఎవరు? చేత్తో తిరిగే నట్టుకి అయిందని కేకేసింది ఎవరు? నేను లేకపోతే నీ పేరు ఏనాడో..." అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. నా చేతిలోని పానా లాక్కున్నాడు.

"ఈ బండి నా కూతురిది. దీన్ని నేనొక్కణ్ణే చేస్తా. నువ్వు ముట్టుకోనని ఒట్టెయ్యి."

"ఏమండీ..."

"ఒట్టెయ్యి."

వేశాను. వెయ్యకపోతే ఆ మనిషి అక్కడే కూలిపోయేలా ఉన్నాడు. కొంగు ముడి విప్పి రంగు సీసా బల్ల మీద పడేసి, గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతూ అటు వీపు తిప్పేశాను. వెనకనుంచి పానా చప్పుడు వినిపిస్తూనే ఉంది. "అయింది" అన్న కేక మాత్రం ఒక్కటీ వినిపించలేదు. పంతానికి పోయి పిలవడం మానేశాడు. మధ్యలో ఒకసారి మాటా పలుకూ లేకుండా బయటికెళ్ళి కాసేపటికి వచ్చాడు. కోపం చల్లార్చుకోవడానికి వెళ్ళాడనుకున్నాను.

సాయంత్రం వీధి చుట్టూ ఒక తిప్పు తిప్పి చూసుకున్నాడు. మా అమ్మాయి వచ్చి నడిపి, "అబ్బ, వెన్నలా తిరుగుతోంది నాన్నా!" అంది. ఒక్క మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆయన నన్నే చూస్తున్నాడు. మింగేశాను. ఆ మింగిన మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

పొద్దున్నే బల్ల మీది రంగు సీసాను అలవాటుగా కొంగున ముడేసుకుని, ఆయన చొక్కా ఉతుకుదామని జేబులు వెతికాను. చిన్న ప్లాస్టిక్ సంచిలో ధగధగలాడే కొత్త బోల్టు ఒకటి నా చేతికొచ్చింది.

అది ఏ బోల్టో నాకు చూడగానే తెలిసింది. స్టీరింగ్ నుంచి దిగే కడ్డీ చివరను ర్యాకుకు పట్టి ఉంచే బోల్టు, డ్రైవరు కాళ్ళ దగ్గర ఉంటుంది. పాతది తీశాక మళ్ళీ వాడకూడదు, కొత్తదే వెయ్యాలని ఆయనే నాకు నూరిపోశాడు. అది లేకపోయినా బండి నడుస్తుంది, అదే అసలు ప్రమాదం. లోపలి పళ్ళు పట్టుకుని కొంతదూరం బాగానే పోతుంది. తర్వాత ఏదో ఒక మలుపులో జారిపోతుంది. చేతిలో స్టీరింగ్ తిరుగుతూనే ఉంటుంది, చక్రాలు మాత్రం తిరగవు.

పళ్ళు తోముకుంటున్న మనిషి ముందు ఆ బోల్టు పెట్టాను. "ఇది నీ జేబులో ఎందుకుందయ్యా?"

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నోటి నురగ గడ్డం మీదకు కారుతున్నా తుడుచుకోలేదు.

"బండికి పెట్టావా లేదా?"

"పెట్టాననే... పెట్టే ఉంటానే..." అన్నాడు. "నాకు గుర్తు రావట్లేదే."

మా అమ్మాయికి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని చిన్నప్పట్నించీ దానికి నేర్పింది ఈయనే. పిల్లల్ని ఎక్కించుకుంటూ అప్పటికే సగం వీధులు తిరిగి ఉంటుంది. రొట్టెల దుకాణం మూలలో చివరి పిల్లవాడు ఎక్కుతాడు. అక్కణ్ణించి ఇక కొండ దిగడమే.

మా పాత కారు నేనే నడిపాను. అడ్డొచ్చిన వాళ్ళందర్నీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ పోయాను. నన్ను నేను తిట్టుకున్నదే ఎక్కువ. పరువట, పంతమట, ఒట్టట! లోపల పసిపిల్లలు కూర్చునే బండి కదే, నీ ఒట్టు తగలెయ్య! ఆయన మాత్రం పక్కన కూర్చుని, ఒళ్ళో పానా పెట్టుకుని, "పెట్టాను... అక్కడ వంగాను... పెట్టాను..." అని తనలో తాను గొణుక్కుంటూనే ఉన్నాడు.

దుకాణం మూలలో వ్యాను పక్క తలుపు అప్పుడే మూసుకుంది. మూలలోంచి కదలబోతుండగా నేను కారును అడ్డంగా తీసుకెళ్ళి ఆపాను. మా అమ్మాయి గట్టిగా బ్రేకు తొక్కి, అద్దం దించింది. "అమ్మా! నీకేమైనా పిచ్చా?"

"దిగు. ముందు దిగవే!"

నా ముఖం చూసి దిగింది. ఆయన డ్రైవరు తలుపు దగ్గర రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి తల దూర్చి, పెడళ్ళ వెనకున్న రబ్బరు తొడుగు పైకి లాగాడు. నేను ఫోన్ లైటు వేసి పట్టుకున్నాను.

బోల్టు ఉంది. కొత్తది, మెరుస్తోంది. దాని మీద ఎర్ర గీత కూడా ఉంది.

ఆయన పానా వేసి పట్టు పట్టాడు. వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అప్పుడు నాకు అర్థమైంది. ర్యాకు పెట్టెలోనే ఒక బోల్టు వచ్చింది. దాన్ని బిగించేశాడు. బిగించిన సంగతి మర్చిపోయి, మధ్యలో బయటికెళ్ళినప్పుడు స్పేర్ పార్టుల దుకాణంలో ఇంకోటి కొనుక్కొచ్చి జేబులో వేసుకున్నాడు. కొన్న సంగతీ మర్చిపోయాడు.

"హమ్మయ్య!" అనుకుంటూ నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. కానీ ఆయన లేవలేదు. ఆ గీత వంకే చూస్తున్నాడు.

"నువ్వే కదూ?" అన్నాడు నెమ్మదిగా. "నేను బయటికెళ్ళినప్పుడు నువ్వే బిగించావు కదూ? తిట్టనులే. చెప్పు."

ఆయన కళ్ళలో ఆశ కనబడింది, మర్చిపోయింది తను కాదని వినాలని. అవునంటే చాలు, ఆ ముఖం తేటపడుతుంది. అవునంటే ఇద్దరం కలిసి ఇంకొన్నాళ్ళు దాచుకుంటాం. ఈసారి ఇంకెవరో పిల్లలుంటారు బండిలో.

"లేదండీ. ఒట్టేశాక నేను ముట్టుకోలేదు. ఆ గీత చూడండి, నేనెప్పుడైనా అంత వంకరగా గీశానా?"

ఆయన చూశాడు. గీత నిజంగానే వంకరగా ఉంది.

"పని మర్చిపోయే మేస్త్రీలు బోలెడంత మంది ఉన్నారు. వాళ్ళు రెండోసారి చూసుకుంటారు" అన్నాడు. "చేసిన పనే గుర్తు లేకపోతే ఇక దేన్ని చూసుకోనే?"

మా అమ్మాయి నన్ను చూసి, ఆయన్ని చూసి, మళ్ళీ నన్ను చూసింది. "ఎప్పట్నించమ్మా?" అంది. ఆయన ముందే అంతా చెప్పేశాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన అడ్డుపడలేదు. మా అమ్మాయి వంగి తండ్రి భుజం మీద చెయ్యి వేసింది.

వ్యాను లోపలినుంచి మా మనవడు తల బయటపెట్టాడు. "తాతా, బండి పాడైందా?"

"లేదు నాన్నా. బండి బాగానే ఉంది" అన్నాడు ఆయన.

అని పానా నా వైపు చాపాడు. నేను అందుకోలేదు. ఇంకా చాపే ఉన్నాడు. రెండో చేత్తో నా కొంగు ముడి చూపించాడు. రంగు సీసా అక్కడే ఉంటుందని మాత్రం ఆయనకు గుర్తుంది.

"ఇక నువ్వే బిగించాలే. అయ్యాక కేకెయ్యి."

సీసా ఆయనకిచ్చి, పానా తీసుకుని, రోడ్డు మీద మోకాళ్ళూని వంగాను. ఆ బోల్టుకు బిగించడానికి ఏమీ మిగల్లేదు, అంత గట్టిగా ఉంది ఆయన పట్టు. అయినా ఒకసారి బలంగా లాగాను.

"అయింది" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, మళ్ళీ అన్నాను.

ఆయన వంగి, తన గీత పక్కనే ఇంకో గీత గీశాడు.